హజరత్తయ్య రొయ్యలకు నేను అంటించిన జబ్బు

మా తోటపల్లి గూడూరు వైపు హజరత్తయ్యను తెలియని మనిషి లేడు. తెలియని రొయ్య అసలే లేదు. తన రొయ్యల గుంట గట్టునే మంచం వేసుకుని, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు వింటూ నిద్రపోతాడు. పిడుగు పడినా లేవడు గాని ఏరేటర్ గొంతు కాస్త మారితే లేచి కూర్చుంటాడు. ఆ పిడుగు అతని మంచంకోడు మీదే పడిందని నేను అందరికీ చెబుతుంటాను. నమ్మేవాళ్ళు నమ్ముతారు.

మొన్నటి వానల్లో పక్క గుంటకు తెల్లమచ్చల జబ్బు తగిలింది. అది వచ్చిందంటే గుంటంతా తుడిచిపెట్టుకుపోతుంది. హజరత్తయ్య రొయ్యలు ఇంకా వేలెడంత కూడా ఎదగలేదు. ఇప్పుడే పట్టేస్తే కొనేవాడుండడు, జబ్బున్నా పట్టకపోతే ఒక్కటీ మిగలదు. రొయ్యల సాగుకు సలహాలు చెప్పే నరేంద్రబాబు, రోడ్డు మీద నీళ్ళు పారుతున్నందువల్ల రాలేక, నాలుగు రొయ్యల్ని దగ్గరగా వీడియో తీసి పంపమన్నాడు. హజరత్తయ్యేమో కంటి ఆపరేషనై నల్లద్దాల్లో ఉన్నాడు. అందుకని ఆ పని నా మీద పడింది. కాన్వెంటులో వెలుతురు పాఠం వచ్చినప్పుడు సిస్టరమ్మలే నన్ను సందేహాలు అడిగేవారని జీవితమంతా చెప్పుకున్న ఫలితం.

బయట వాన. మేతమూటల షెడ్డులో, తళతళలాడే స్టీలు పళ్ళెంలో తడిరొయ్యల్ని పెట్టాను. పైన ట్యూబులైటు వెలుగుతోంది. అది చాలదని ఫోను టార్చి కూడా వేశాను. పెళ్ళికూతురి మీద కూడా అంత వెలుతురు పోసి ఉండరు.

కాసేపటికే నరేంద్రబాబు ఫోను చేశాడు. స్పీకరు పెట్టి హజరత్తయ్య ముందుంచాను.

"తలపెంకుల మీద తెల్లమచ్చలు కనపడతా ఉండాయన్నా. పట్టించేసేదే మేలు."

హజరత్తయ్య వలవాళ్ళకూ ఐసు లారీకీ కబురు చేసి, మేతమూట మీద కూలబడ్డాడు. నేను ఓదార్చనైనా లేదు. నా వీడియో ఎంత బాగా వచ్చిందో మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాను.

అతని భార్య మస్తానమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏంది పెదనాయనా, వీడియోలో నువ్వు ఫోను జరిపినప్పుడల్లా మచ్చలు కూడా జరగతా ఉండాయి?"

"జబ్బు ముదిరిందమ్మా," అన్నాను.

"ముదిరింది రొయ్యకా, నీకా? అది లైటు మెరుపు!"

హజరత్తయ్య మూట మీంచి లేచాడు. "మళ్ళీ తియ్యి పెదనాయనా!"

టార్చి ఆర్పాను. స్టీలు పళ్ళెం తీసేసి నల్ల టార్పాలిన్ ముక్క పరిచాం. రొయ్యల మీది తడిని గుడ్డతో అద్దాం. ట్యూబులైటు కట్టేసి, తలుపులోంచి పక్కగా వచ్చే మబ్బు వెలుతురులో ఫోను కాస్త వాలుగా పట్టాను. మచ్చలు మాయమయ్యాయి. కాని ప్రతి రొయ్య మీదా ఒక కొత్త మచ్చ, పెద్దది, తేలింది. హజరత్తయ్య మళ్ళీ కూర్చోబోయాడు. నేను దగ్గాను. మచ్చలన్నీ నాతోపాటు దగ్గాయి.

"నీ చొక్కా!" అని మస్తానమ్మ అరిచింది. నీలిమందు పెట్టి ఉతికించిన నా తెల్లచొక్కా! ఈ జిల్లాలో అంత తెలుపు ఇంకొకటి లేదని నా గర్వం. ఆమె నల్ల కంబళి తెచ్చి నన్ను మెడదాకా చుట్టేసింది.

"ఊపిరాడటం లేదమ్మా."

"ఊపిరి తరవాత పీలుద్దువులే. ముందు తియ్యి!"

రెండో వీడియో వెళ్ళింది. అది చూసి నరేంద్రబాబు మళ్ళీ ఫోను చేశాడు.

"మచ్చల్లేవన్నా. పెంకులు శుభ్రంగా ఉండాయి. ఇప్పుడే పట్టొద్దు. వాన తెరిపియ్యంగానే రొయ్యల్ని పరీక్షకు పంపించు."

అప్పటికే లారీ గుంట గట్టు మీదికి వచ్చేసింది. వలలు భుజాన వేసుకుని వచ్చిన మేస్త్రీ, "జబ్బు తగిలిందన్నారే?" అన్నాడు.

హజరత్తయ్య కంబళిలో ఉన్న నన్ను చూపించాడు.

"పెదనాయన సినిమాలో చచ్చినాయబ్బా. గుంటలో బతికే ఉండాయి. లారీ తిప్పుకోండి."

అని మేతబక్కెట్టు అందుకుని, వానలోనే గుంటవైపు నడిచాడు.