బండికి వీపు చూపే మేస్త్రీ

మా పాత లారీని కాపాడిన మేస్త్రీకి ఒక అలవాటుండేది. ఎవరి బండికి బ్రేకులు బాగుచేసినా, నిండు లోడుతో అది దిగివస్తుంటే, వాలు కింద రోడ్డు మధ్యలో వీపు తిప్పి నిలబడేవాడు.

డెబ్బైల కరువుల్లో పొలాలు పోయాక మాకు మిగిలింది ఆ లారీ ఒక్కటే. యాడికి ఊరి నుంచి వేరుశనగ తోలేవాళ్లం. కనుమ దిగేటప్పుడు బ్రేకులు పట్టేవి కావు. కొత్తవి కొనే స్తోమత లేదు. మేస్త్రీ గుజిరీలో తుక్కుకు పడిన పెద్ద లారీ వెనక యాక్సిల్‌ను, దాని పెద్ద బ్రేకు డ్రమ్ములతో సహా తెచ్చాడు. ఒకరు వాడి పారేసింది మా ఇంట్లో వాడం అన్నాను.

"అట్లయితే లారీని వాకిట్లో నిలబెట్టుకో సామీ. పూజ చేసుకుంటా ఉండొచ్చు" అన్నాడు.

సరే, బిగించమన్నాను. యాక్సిల్ బిగించాక లారీలో బండలు నింపించి, నన్నే తోలమన్నాడు. తాను కిందికి పోయి వీపు తిప్పి నిలబడ్డాడు. వాలులో బ్రేకు తొక్కాను. లారీ అతనికి బారెడు దూరంలో ఆగింది.

"నిలబడిందా సామీ?" అని తిరక్కుండానే అడిగాడు.

దిగి చూస్తే అతని మోకాళ్లు వణుకుతున్నాయి.

"ఇంత భయమున్నోడివి, యాల ఇట్ల నిలబడేదప్పా?"

"నట్లు బిగించేటప్పుడు ఈ భయమే కదా సామీ, ఇంగో సుట్టు తిప్పమనేది" అన్నాడు.