వెర్లా హాస్కిన్స్ రెండో తూటా

వయోమింగ్ మొత్తం మీద వెర్లా హాస్కిన్స్ గురి తప్పించుకున్న కయోట్ ఇంతవరకూ ఒక్కటే ఉంది. అది కూడా తర్వాత తోటివాటికి మొహం చూపించలేక, మాంసం మానేసి, గడ్డి తిని చచ్చిపోయింది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఆమె చూపు ఎలాంటిదంటే, కొండ అవతల ఏముందో చూడాలని ఆమె అనుకుంటే కొండే కాస్త పక్కకి జరుగుతుంది.

ఇందులో నిజమెంతో ఆమె గొర్రెలకి తెలుసు.

కయోట్ అంటే నక్కకన్నా కాస్త పెద్దది, తోడేలుకన్నా కాస్త చిన్నది, రెండింటికన్నా సిగ్గులేనిది. గొర్రెలు ఈనే కాలానికి సరిగ్గా జంటగా దిగుతుంది. ఒకటి ఎదురుగా కనబడి కుక్కని తనవెంట పరిగెత్తించుకుపోతుంది. రెండోది వెనకనుంచి వచ్చి పిల్లని ఎత్తుకుపోతుంది. వెర్లా మొదటిదాన్ని కాల్చేది. రెండోది మిట్ట ఎక్కి, ఆగి, వెనక్కి తిరిగి, ఆమెని తీరిగ్గా చూసి మరీ వెళ్ళేది.

తప్పు కంటిది కాదు, చేతిది. పదిహేడేళ్ళప్పుడు గుర్రం మీదనుంచి దూడకి తాడు విసిరి, రెండో కొస జీను ముందుండే కొమ్ముకి చుడుతుంటే కుడి బొటనవేలు మధ్యలో ఇరుక్కుని తెగిపోయింది. ఆ చేత్తోనే యాభై ఏళ్ళు పాతకాలపు రైఫిల్ వాడింది. ఒకసారి కాల్చాక అరచేత్తో బోల్టు ఎత్తి, వెనక్కి లాగి, ముందుకి నెడితేగాని రెండో తూటా రాదు. ఇప్పుడు మిగిలిన నాలుగు వేళ్ళకీ కీళ్ళవాతం. ఆమె బోల్టు లాగేలోపు కయోట్ పక్క కౌంటీకి పోయి కాపురం పెట్టొచ్చు.

కొడుకు రాయిస్‌కి గొర్రెలంటే మొదటినుంచీ గిట్టదు. ఒకరోజు భోజనాల దగ్గర తేల్చేశాడు.

"అమ్మా, పోయినేడు ముప్ఫై ఒక్క పిల్లలు పోయాయి. ఈసారీ అంతే అయితే మే నెలలో లారీ పిలుస్తా. ఒక్క గొర్రెని కూడా ఉంచను."

"ఎవరి గొర్రెల్రా అవి?"

"నీవే. అవి మేసే భూమి కౌలు కాగితం నా పేరుమీద ఉంది."

"ఆ కాగితం మీద సంతకం పెట్టడం నేర్పింది ఎవరు?"

"నువ్వే. నేర్పకుండా ఉండాల్సింది."

వెర్లా బంగాళాదుంప ముక్కని కత్తితో అవసరానికి మించి కోసింది. గొర్రెలు లేకపోతే తెల్లారి లేవడానికి ఆమెకి వేరే కారణం లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు, కానీ బంగాళాదుంప చూస్తే తెలిసిపోతుంది.

మిగిలింది ఒకటే దారి: బోల్టుతో పనిలేకుండా, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా పేలే సెమీ ఆటోమేటిక్ రైఫిల్. అలాంటివాటిని ఆమె జీవితమంతా వెక్కిరించింది. మొదటి తూటా మీద నమ్మకం లేని మగాళ్ళు కొనుక్కునే ఆటబొమ్మలని చర్చి మెట్లమీద కూడా అన్నది. కాబట్టి ఇరుగుపొరుగుకి ఆమె చెప్పిన మాట, "మా రాయిస్‌కి కావాలిట."

కాస్పర్‌ పట్నంలో ఓ పెద్ద తుపాకుల కొట్టుంది. గోడనిండా ఇసుక రంగువి, ఆకు రంగువి, కాళ్ళున్నవి, దీపాలున్నవి. అడవికి వెళ్ళకముందే అడవి రంగు బట్టలేసుకున్న బొజ్జ మనుషులు వాటిని నిమురుతూ నిలబడ్డారు. గొర్రె కంపు కొడుతున్న కోటుతో వెర్లా వాళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్తే రెండు వైపులా దారి దానంతటదే ఏర్పడింది.

కొట్లో ఉన్నవాడు ఒహాయో నుంచి వచ్చిన కుర్రాడు. పేరు ట్రెంటన్. గడ్డం మాత్రం ఏదో పాత గనిలోంచి తవ్వి తెచ్చినట్టుంది.

"దేనికమ్మా?"

"మా అబ్బాయికి."

"అబ్బాయిని కాల్చడానికా?"

వెర్లాకి ఆ ఒక్కమాటకి వాడంటే దాదాపు ఇష్టం కలిగింది. "ఆరు వందల డాలర్లు దాటితే మాట్లాడకు. దీపాలు వద్దు, కాళ్ళు వద్దు. బరువుండకూడదు. చలికి మొరాయించకూడదు."

కుర్రాడు ఖరీదైనవాటి వైపు చూడనైనా లేదు. మూలనుంచి ఒక నల్లటి, ఏ సోకులూ లేని రైఫిల్ తీశాడు. "ఐదువందల ఎనభై. చిన్న తూటా, భుజాన్ని తన్నదు. రెండువందల గజాలదాకా బెంగ అక్కర్లేదు. చేతి తొడుగు వేసుకుని పట్టుకు చూడండి." ఆమె పట్టుకుంది. వాడు ఆమె చెయ్యి చూశాడు. "కాస్త ఆగండి. దీని సేఫ్టీ మీట ఎడమపక్క ఉంటుంది, బొటనవేలితో అది తిప్పితేగాని తుపాకీ పేలదు. మీకు రెండుపక్కలా మీట ఉన్నది పెడతాను. అప్పుడు కుడిపక్కది చూపుడువేలితో తిప్పుకోవచ్చు. లేకపోతే కయోటీ ఎదురుగా ఉండగా తంటాలు పడతారు."

వెర్లా రైఫిల్ కింద పెట్టేసింది.

"ఏం ఉండగా?"

"కయోటీ, అమ్మా."

ఆ ప్రాంతంలో గొర్రెలు, పశువులు కాసిన ఏ మనిషీ ఆ జంతువుని కయోటీ అనడు. కయోట్ అంటాడు, అక్కడితో నోరు మూస్తాడు. చివర 'ఈ' తగిలించినవాడు దాన్ని కార్టూన్లలో చూసినవాడని లెక్క. పేరే పలకలేనివాడు తుపాకీ ఎంచుతాడా? పైగా అరవై ఏళ్ళుగా ఆమె చెయ్యి ఎవరూ చూడనట్టు నటిస్తున్నారు, వీడు చూసి నోటితో కూడా అన్నాడు.

"మా అబ్బాయికి బొటనవేళ్ళు రెండూ ఉన్నాయి," అని ఆమె బయటికి వచ్చేసింది.

ఆ శనివారమే సంత మైదానంలో తుపాకుల మేళా. అక్కడ అమ్మకానికి తుపాకులు పరిచిన బల్ల వెనక హార్లన్ అనే ముసలాయన పొగాకు నములుతూ, డబ్బాలో ఉమ్ముతూ కూర్చున్నాడు.

"కయోట్లకా అక్కా?"

ఆ ఒక్కమాటతో బేరం అయిపోయింది. అదే రకం రైఫిల్, ధర ఇంకో యాభై తక్కువ. చేతి సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరూ వాన గురించి, కయోట్ల గురించి, కయోటీ అనేవాళ్ళ గురించి అరగంట మాట్లాడుకుని నవ్వుకున్నారు. మర్యాదస్తుల మధ్య వ్యాపారం అలా జరుగుతుంది.

సోమవారం తెల్లవారుతూనే ఆమె వాగు పక్కన సేజ్ పొదల్లో, గాలికి ఎదురుగా కూర్చుంది. కయోట్లని రప్పించడానికి నోట్లో ఊదే పీక పెట్టుకుని, దెబ్బ తగిలిన కుందేలు అరిచినట్టు ఊదింది. జంట వచ్చింది. మొదటిది ఎనభై గజాల్లో ఆగి, చెవులు నిక్కించి నిలబడింది. ఇంతకన్నా మంచిగా ఫొటోకైనా నిలబడదు. వెర్లా లేని బొటనవేలితో సేఫ్టీ మీట తిప్పబోయింది. ఎడమచేత్తో అందుకోబోయింది. రైఫిల్ మూతి పొదకి కొట్టుకుంది. కయోట్లు రెండూ వెళ్ళిపోయాయి, రెండోది అలవాటు ప్రకారం ఆగి వెనక్కి చూసి మరీ. ఇదివరకు ఒకటే తప్పించుకునేది. కొత్త తుపాకీ పుణ్యమా అని ఇప్పుడు రెండూ.

ఆ వారంలో ఐదు పిల్లలు పోయాయి. రాయిస్ లారీవాడి నంబరు ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

శుక్రవారం వెర్లా మళ్ళీ కాస్పర్ వెళ్ళింది. రైఫిల్‌ని బల్లమీద పెట్టి, ట్రెంటన్‌ని కాకుండా వాడి వెనక గోడని చూస్తూ అంది, "మా అబ్బాయికి బొటనవేలు పోయింది."

"అయ్యో. ఎప్పుడు?"

"ఈ వారంలోనే."

ట్రెంటన్ గడ్డంలో నవ్వు దాచుకున్నాడు. దాచుకోడానికి చోటు చాలానే ఉంది. పావుగంటలో రెండు పక్కలా మీట బిగించి, సేఫ్టీ నాలుగుసార్లు టిక్కుమనిపించి చూసుకుని ఆమెకి ఇచ్చాడు. ఆమె చూపుడువేలితో మీట తిప్పింది. ఇంకోసారి తిప్పింది. తర్వాత ఇంకో ఐదుసార్లు, అవసరం లేకపోయినా.

"మీ అబ్బాయితో చెప్పండమ్మా," అన్నాడు వాడు, "కయోటీ కనబడకముందు మీట తిప్పకూడదు. గురి కుదిరాకే."

వెర్లా దవడ బిగించింది. ఆ 'ఈ' మింగడానికి ఆమెకి ఎంత కష్టమైందో, ఆ దవడ చూసినవాళ్ళకే తెలుసు. "సరే చెబుతా," అని డబ్బిచ్చి, పలికే తీరు సరిదిద్దకుండానే బయటికి వచ్చింది. ఆమె జీవితంలో ఇంత వినయం ఆ ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

ఆదివారం పొద్దున చర్చి మానేసి మళ్ళీ వాగు దగ్గర కూర్చుంది. జంట వచ్చింది. మీట టిక్కుమంది. మొదటిది ఉన్నచోటే పడింది. రెండోది మిట్ట ఎక్కింది, ఆగింది, వెనక్కి తిరిగింది. అలవాట్లు మంచివి కావు. దానికోసం ఆమె బోల్టు వెతుక్కోలేదు, వేలు ఇంకోసారి నొక్కిందంతే.

ఆ ఏడు మొత్తం తొమ్మిది పిల్లలే పోయాయి. మే నెలలో లారీవాడే ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటారని అడిగితే, రాయిస్ రాంగ్ నంబర్ అన్నాడు.

మనవరాలు ఇదంతా రాసి, వంటింటి బల్ల దగ్గర మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించి, ఎలా ఉంది నానమ్మా అని అడిగింది. వెర్లా సీసాలో పాలపొడి కలుపుతూ తల ఎత్తకుండా అంది:

"ఎన్ని రోజులు పట్టిందే ఇది రాయడానికి? అన్ని రోజులూ తల్లిలేని గొర్రెపిల్లలకి పాలు పట్టి ఉంటే, పోయిన తొమ్మిది కాస్తా ఏడు అయ్యుండేవి."