మామ వ్యాను ఫ్యూజు

ఆ పొద్దున జమ్మలమడుగులో మా ఇంటి ముందు ఉన్నవాళ్ళు: అమ్మ, నాన్న, నాన్నను కన్న జేజి, చెల్లెలు, మేనమామ, అత్త, వాళ్ళ కవల పిల్లలు, చూసిపోదామని వచ్చి తనూ బయలుదేరిన పక్కింటి షమీమ్ పిన్ని. ఉన్న సామాన్లు: ట్రంకుపెట్టె, బకెట్టు, మగ్గు, చాప, చెనక్కాయల పొడి డబ్బా, దారిలో తినడానికి చిత్రాన్నం గిన్నె, మామ కొత్తగా కొన్న పాత వ్యాను. నా జేబులో ఒక ఫ్యూజు. గోరంత ఉంటుంది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నాకు ఇడుపులపాయ క్యాంపస్‌లో సీటు వచ్చింది. పదో తరగతి అవగానే ఆరేళ్ళ ఇంజనీరింగు చదువు. మా ఇంట్లో హాస్టలుకు వెళ్ళడం నాతోనే మొదలు కాబట్టి అందరూ వచ్చి దింపాలని తీర్మానమైంది. జేజి నా మంచం చూడాలంది. అత్త వంటగది చూడాలంది. మామ వ్యానుకు పూలదండ వేసి, "మన ఇంటి తొలి ప్రయాణం నా బండిలోనే" అని వీధంతా చెప్పుకున్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. గేటు దగ్గర జేజి అందరికీ చిత్రాన్నం పంచుతుంది, అత్త వార్డెన్‌ను జీతమెంతని అడుగుతుంది, కవలలు కొట్టుకుంటారు, మొదటి రోజు నాకు పడిన పేరు ఆరేళ్ళూ పోదు. ఇలా వరసగా లెక్కేసుకున్నాను. ముందు రోజు సాయంత్రం వ్యానులోంచి ఒక ఫ్యూజు పీకేశాను. అది లేకపోతే స్టార్టరు తిరుగుతుంది, ఇంజను అందుకోదు. ఏ ఫ్యూజు దేనికో నాకు నేర్పింది మామే.

మామ తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఏందప్పా, బడికి పోవాలంటే నీ బండికి గూడా కడుపునొప్పి వస్తాందా?" అంది జేజి. అందరూ నవ్వారు.

మామ నవ్వలేదు. "నిన్న బాగుండె గదమ్మా. నేనే తుడిచి పెడితి." తర్వాత నన్ను పిలిచాడు. "అల్లుడూ, నువ్వు రా. ఫ్యూజులు ఒకతూరి సూడు. ఇంజనీరయ్యేటోనివి, నీ కండ్లు నాకంటే మేలు."

వంగి చూశాను. ఖాళీ గడి నా ఎదురుగానే ఉంది.

"అన్నీ ఉండాయి మామా."

పీకినప్పుడు అది అల్లరి. ఈ మాట అన్నాక దాన్ని ఏమనాలి? జేబులోది తీసి పెట్టేసి ఉంటే రెండు తిట్లతో పోయేది. ఎందుకు పెట్టలేదు? మామ నన్ను నమ్మాడు, నమ్మినందువల్లే నా పని సులువైంది. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

చివరికి నేనూ నాన్నా బస్సెక్కి పులివెందుల చేరి, అక్కడ ఇంకో బస్సు పట్టుకున్నాం. క్యాంపస్ గేటు దగ్గర చూస్తే ఊళ్ళకు ఊళ్ళే దిగి ఉన్నాయి. ఎవరి జేజో నా చేతిలో ఇన్ని బొరుగులు పోసింది.

మర్నాడు ప్రొద్దుటూరు నుంచి మెకానిక్ వచ్చాడు. "ఫ్యూజే లేదు గదప్పా, యాడ పారేసుకుంటివి?" అని వీధిలో అందరి ముందూ నవ్వాడట. తుడిచేటప్పుడు తానే పోగొట్టాననుకున్నాడు మామ. ఫ్యూజులు నీ అల్లుడు చూసినాడు గదా అని ఎవరో అంటే, "పిల్లోడు పొయ్యే తొందరలో ఉండె, వాన్నెందుకంటారు" అన్నాడట. ఇదంతా చెల్లెలు ఫోనులో పడీపడీ నవ్వుతూ చెప్పింది. ఆ రోజు నుంచి ఆయన ఫ్యూజు మామ. ఆయనా అందరితో పాటు నవ్వుతాడు. కానీ మా ఇంటి శుభకార్యాలకు తన బండి తీయడు.

ఈ ఆదివారం చెల్లెల్ని అనంతపురం కాలేజీలో దింపాలి. ఇల్లంతా సందడి. ముందు సీటు తనదేనని జేజి ఇప్పటి నుంచే తగువు పెట్టుకుంది. నిన్న మామ వచ్చి, వేరే వ్యాను మాట్లాడమని నాన్నకు చెప్పి, చెల్లెలి బకెట్టు మీద అందంగా పేరు రాసి వెళ్ళాడు. నేను పక్కనే కూర్చుని ట్రంకుపెట్టె కొలుస్తున్నాను. తలెత్తలేదు.

మామకు చెబుతానని మీకు మాటివ్వలేను. ఇక్కడ రాశాక మాత్రం ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. అంతకు మించి నాకు రావలసిందేమీ లేదు.

ఆ పొద్దుటి నుంచి మా ఇంటి శుభకార్యాలకు బయటి బండి పిలిచింది ఏడుసార్లు. ఆదివారంతో ఎనిమిది.