తడిసిన రాణి బొమ్మ

మొన్న మా మనవరాలు ఏదో మ్యూజియంలో కాలేజీ పిల్లలతో కలిసి పాత విగ్రహాల దుమ్ము దులుపుతూ ఫోటో పంపింది. దాన్ని చూస్తుంటే, నేను హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు మా చరిత్ర మేష్టారు మమ్మల్ని పెనుకొండలోని ఒక చిన్న మ్యూజియంలో పనికి తీసుకెళ్లిన వేసవీ, అందుకు ధర్మవరంలో మగ్గం నేసే మా నాయనను ఒప్పించడానికి నేను పడ్డ పాట్లూ గుర్తుకొచ్చాయి.

పని చెప్పుకోవడానికి చిన్నదే. రాతి శిల్పాల సందుల్లోంచి మెత్తని కుంచెతో మట్టి తీయడం, చెక్కపెట్టెలకు చెదలు పట్టాయేమోనని చూడడం. నాకూ, నా హిందూపురం స్నేహితురాలికీ తోలుబొమ్మలు అప్పగించారు. ధర్మవరం దగ్గరి పల్లెలో బొమ్మలాట ఆడించిన ఒక తాత, తన తర్వాత ఆడించేవాళ్లు లేరని వాటిని మ్యూజియానికి ఇచ్చేశాడట. వాటిలో ఎర్రచీర కట్టిన రాణి బొమ్మ ఒకటి, ఇంచుమించు నా అంత ఎత్తు ఉండేది. సోమవారం వచ్చి వాటిని చూసిపోతానని తాత కబురంపాడు.

శనివారం మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పైకప్పు కారి, నీళ్లు సరిగ్గా రాణి బొమ్మ మీదే పడ్డాయి. మేము పరుగెత్తేసరికి తోలు మెత్తబడి అంచులు ముడుచుకుంటున్నాయి. నా స్నేహితురాలు ఏడ్చేసింది. తాతకు ఏ ముఖం చూపించాలో నాకు తోచలేదు. మేష్టారు మాత్రం గొంతు పెంచకుండా, రుద్దొద్దనీ ఎండలో పెట్టొద్దనీ చెప్పారు. ఉతికిన నూలు గుడ్డల మధ్య బొమ్మను పరిచి, పైన పలకలు పెట్టి, గుడ్డలు తడిసినప్పుడల్లా మారుస్తూ ఆదివారమంతా అక్కడే గడిపాం. మార్చిన ప్రతిసారీ గుడ్డకు ఎరుపు అంటిందేమోనని తిప్పి తిప్పి చూసేవాళ్లం.

సోమవారం తాత రాగానే మేష్టారే జరిగిందంతా చెప్పేశారు. తాత బొమ్మను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. ఎరుపు ఎక్కడా చెదరలేదు, కొంగు దగ్గర మాత్రం ఒక ముడత మిగిలిపోయింది. ఆయన బొమ్మ చేతికి కట్టిన పుల్లను కదిలించి చూశాడు.

"ఏం కాలేదు తల్లీ, చెయ్యి బాగా ఆడతాండాది. ముడతంటారా, నా మొగాన లేవా ఏంది?" అని నవ్వాడు.

ఆ నవ్వు విన్నాకే మాకు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన వచ్చినప్పుడల్లా బొమ్మలను చేతుల్లోకి తీసుకునేవాడు. చూడవచ్చిన పిల్లలు చుట్టూ చేరితే పాట కూడా అందుకునేవాడు.

ఈమధ్య పెనుకొండ వెళ్లాను. తాత పోయి చాలా ఏళ్లయింది. రాణి బొమ్మ అద్దాల బీరువాలో, వెనక దీపం వెలుగులో చెక్కుచెదరకుండా ఉంది. ఇక ఏ వానకూ భయపడనక్కర్లేదని మనసు కుదుటపడింది. ఎవరి చేతికీ అందకుండా ఉండడమే దానికి క్షేమమని నాకు తెలుసు. అయినా ఆ అద్దం ముందు నిలబడి, దాని చేతికి ఆ పుల్ల ఇంకా కట్టి ఉందా లేదా అని చాలాసేపు వెతుక్కున్నాను.