ఫెరార్‌గంజ్ పొలంలో బాబాయి విమానం

మొన్న పోర్ట్ బ్లెయిర్‌లో, మా షాదీపూర్ వీధికి పగలంతా కరెంటు లేదు. మా అమ్మాయి కారులో కూర్చుని ఫోనుకు ఛార్జింగు పెట్టుకుంటుంటే, "ముందు ఇంజను ఆన్ చెయ్యవే, బ్యాటరీ దిగిపోతుంది" అని గుమ్మంలోంచి గట్టిగా అరిచాను. ఇంతోటిదానికి ఇంత కంగారెందుకన్నట్టు చూసింది అది. నిజానికి ఆ కంగారు నాది కాదు, మా బాబాయిది.

బాబాయి అంటే మా పిన్ని భర్త. ఓడలు బాగుచేసే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలో ఇక్కడే పుట్టాడు. మెయిన్‌లాండుకు ఎప్పుడు వెళ్ళినా ఓడే తప్ప విమానం ఎక్కి ఎరగడు. అయినా విమానాలంటే పిచ్చి. చేపలు ఐసులో పెట్టి పంపే థర్మోకోల్ పెట్టెలు కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, బారెడు రెక్కలున్న బొమ్మ విమానం ఒకటి తయారుచేశాడు. దానికి మోటారూ, రిమోటూ తనకు తెలిసిన ఓడ మనిషి చేత మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు. ఎన్నిసార్లు కడిగినా ఆ విమానానికి నీచు వాసన మాత్రం పోలేదు. డాలీగంజ్‌లో వాళ్ళింటి పిల్లి దాని చుట్టూనే తిరిగేది. పిన్ని అది చూసి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేది.

నాకు అప్పుడే టీచరు ఉద్యోగం వచ్చి వాళ్ళింట్లో ఉండేదాన్ని. కోతలయ్యాక పొలాలు ఎండితే, శనివారం శనివారం ముగ్గురం పాత జీపులో ఫెరార్‌గంజ్ వెళ్ళేవాళ్ళం. పొలం ఒక బెంగాలీ పెద్దాయనది. అందరం దాదా అనేవాళ్ళం. ఆ పొలంలో కరెంటు స్తంభం ఎక్కడిది? బాబాయి జీపు బానెట్ ఎత్తి, మొసలి నోళ్ళలాంటి రెండు క్లిప్పులు జీపు బ్యాటరీకి తగిలించేవాడు. వాటి తీగల చివర ఉన్న చిన్న ఇనుప పెట్టె ఛార్జరు. విమానంలో పెట్టే బ్యాటరీలు అందులో నెమ్మదిగా నిండేవి. మధ్యమధ్యలో ఇంజను నడిపితే జీపు బ్యాటరీ మళ్ళీ పుంజుకునేది. నడపకపోతే దిగిపోతుంది. బాబాయికి ఇది తెలియని సంగతి కాదు.

కానీ ఆ శనివారం గాలి చాలా బాగుంది. విమానం గద్దలతో పోటీగా తిరుగుతోంది. ఒక దాని తర్వాత ఒకటి బ్యాటరీలు ఛార్జింగుకు పెడుతూ, ఇంజను సంగతే మరిచిపోయాడు బాబాయి. అంతలో దాదా గట్ల మీంచి పరుగెత్తుకొచ్చాడు. కోడలికి నెల తక్కువగా నొప్పులొచ్చాయట. నర్సు చూసి, వెంటనే పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమందట. "భయ్యా, గాడీ నికాలో, జల్దీ!" అన్నాడు ఆయాసపడుతూ. బాబాయి విమానాన్ని ఎలాగో దించి జీపెక్కి తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్ళీ తిప్పాడు. అంతే. బ్యాటరీ దిగిపోయింది.

రోడ్డు వైపు ఎత్తు, తోయడం మా వల్ల కాదు. "పొలంలోకి పల్లముంది కదండీ, ఎనక్కి తోసేద్దాం, మీరు రివర్సులో పెట్టండి" అంది పిన్ని, అప్పటికే చెప్పులు విడిచి కొంగు దోపుకుంటూ. పిన్ని, నేను, దాదా బానెట్‌కు భుజాలు ఆనించాం. వరి మోళ్ళు అరికాళ్ళలో గుచ్చుకున్నాయి. మూడోసారికి జీపు దగ్గి, పొగ కక్కి, అందుకుంది. దాదా ఇంటికి వెళ్ళి ఆ అమ్మాయిని ఎక్కించుకున్నాం. దారి పొడుగునా పిన్ని ఆమె తల ఒళ్ళో పెట్టుకుని తెలుగులో ప్రార్థన చేస్తూనే ఉంది. ఆ పిల్ల బెంగాలీలో ఏడుస్తూనే ఉంది. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా చేతులు మాత్రం వదల్లేదు.

ఆసుపత్రి గేటు దాటిన పావుగంటకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. "అచ్ఛా హువా, టైమ్ పే లే ఆయే" అంది అక్కడి నర్సు. ఆ మాట విని బాబాయి బెంచీ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "టైముకి తేలేదమ్మా. నా ఆటకి పది నిమిషాలు తినేశాను" అన్నాడు నాతో.

ఆ తర్వాత విమానం బీరువా మీదకెక్కింది. ఆదివారం చర్చి ప్రార్థనలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడి, ఒక్క మాటా రాక కూర్చుండిపోయాడు. శనివారాలు అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. పిన్ని మాత్రం వానలన్నీ వెళ్ళేదాకా రోజూ ఆ విమానం దుమ్ము తుడుస్తూ వచ్చింది. కొత్త ఎండలు రాగానే ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని జంగ్లీఘాట్‌లో వాళ్ళన్నయ్య, అంటే మా మామయ్య ఇంటికి వెళ్ళింది. పడవలో దీపానికి వాడే బ్యాటరీ ఒకటి అడిగి తీసుకుంది. దాన్ని గోనెసంచిలో పెట్టి, చెరోవైపు పట్టుకుని, బస్సులో ఇంటికి చేర్చాం. దిగి చూసుకుంటే ఆమె మంచి చీరకు యాసిడ్ తగిలి చిల్లులు. బాబాయి ముందు సంచి దించి, "జీపుది జీపుకే. ఇది మీ విమానానికి. రేపు శనివారం కదా, వెళ్దాం" అంది.

బాబాయి ఆ చీర చిల్లుల్లో ఒక్కోదాంట్లో వేలు పెట్టి చూశాడు.

మర్నాడు దాదా ఏమంటాడోనని బాబాయి దారంతా భయపడ్డాడు. దాదా మాత్రం, "ఇత్నే దిన్ కహాఁ థే, భయ్యా?" అని ఇన్నాళ్ళూ రానందుకు కోప్పడి, ఇంట్లోవాళ్ళందరినీ కేకేశాడు. ఆ కోడలు పాపను చంకనేసుకుని వచ్చి పిన్ని చేతుల్లో పెట్టింది. విమానం పైకి లేవగానే పాప నోరు తెరిచి అలా చూస్తూ ఉండిపోయింది. బాబాయి విమానాన్ని చూడలేదు, పాపనే చూశాడు. దాంతో విమానం వెళ్ళి పోకచెట్టులో చిక్కుకుంది.

గంటసేపు ఛార్జింగు పెడితే అది ఆరేడు నిమిషాలు ఎగిరేది. ఇంతదూరం వచ్చి ఇంతేనా అని ఆ వయసులో విసుక్కునేదాన్ని. ఇప్పుడు బాబాయి, పిన్ని ఇద్దరూ లేరు. విమానం ఎలా ఎగిరేదో సరిగా గుర్తు రాదు. జీపు నీడలో ఒకే టిఫిన్ డబ్బాలో తింటూ, ఏవో మాట్లాడుకుంటూ వాళ్ళు ఎదురుచూసిన గంటలు మాత్రం గుర్తున్నాయి. ఊరికే గడిచిపోతోందనుకున్న కాలమే నాకు మిగిలింది.