సంతలో రాసిన బడుల జాబితా

ఆ జాబితా రాసింది నేనే. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం నాకు తేలిక.

డెబ్బైల నడుమ, విద్యాశాఖ ఆఫీసులో గణాంకాల గుమస్తాగా చేరిన కొత్త. పిల్లల చదువు ఎలా సాగుతోందో చూడాలని దేశమంతా అయిదో తరగతికి లెక్కల పరీక్ష పెట్టారు. అన్ని బడుల్లోనూ పెట్టలేరు కనక, ముందు ఉన్న బడులన్నీ జాబితా రాసి, అందులోంచి చీట్లు తీసినట్టు కొన్నిటిని ఎంచుతారు. అరకు చుట్టుపక్కల జాబితా నా నెత్తిన పడింది. ఆ కొండలన్నీ ఎవరెక్కుతారు? శుక్రవారం సంతలో ఉప్పు దుకాణం పక్కన బల్ల వేయించుకుని కూర్చున్నాను. ఉప్పుకీ కిరసనాయిలుకీ సంతకు దిగని మేష్టరు ఉండడని నా లెక్క. వచ్చినవాళ్ళందరి బడులూ రాసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ సాయంత్రం బస్సెక్కాను.

ఎనభైల మొదట్లో మళ్ళీ అదే పరీక్ష వచ్చింది. ఈసారి జాబితా వేరే ఆయన రాశాడు. మలేరియా పనివాళ్ళు గూడెం గూడేనికీ నడిచి గోడల మీద తేదీలు రాసి వస్తారు కదా, వాళ్ళ పుస్తకం ముందు పెట్టుకుని రాశాడు. ఫలితాలు చూసి మా అధికారి మొహం మాడ్చుకున్నారు. ఏజెన్సీ సగటు కిందటిసారి కంటే బాగా దిగిపోయింది. కొండమీది ఒంటి మేష్టరు బడులు దండగనీ, వాటిని మూసేసి రోడ్డు పక్క బడుల్లో కలపాలనీ నోట్ రాయించారు. టైపు కొట్టింది నేనే.

వార్త పొక్కింది. అనంతగిరి పైన ఒక గూడెంలో పాఠం చెప్పే మేష్టరు వారం తిరక్కుండా ఆఫీసుకు దిగాడు.

"ఏటమ్మా, మా బడి మూసేత్తారంట? ఆరేళ్ళ గుంటలు పొంగే గెడ్డ దాటి కిందకెలాగొత్తారు? సదువు మానేత్తారు."

"మార్కులు పడిపోయాయి మేష్టారూ. నేనేం చేస్తాను?" అన్నాను చిరాగ్గా.

"పడిపోడానికి ఎప్పుడు లెగిసేయమ్మా? మాకు పరీచ్చ ఎట్టడం ఇదే మొదులు గదా!"

"మరి కిందటిసారి నేను సంతలో రాసుకుంటుంటే రాలేదేం? అందరూ వచ్చారు."

"శుక్రారం సంతకి నానెందుకొత్తాను? మా పైగూడేలోళ్ళందరం కొండకి అవతలేపు సంతకే ఎల్తాం. పిప్పళ్ళూ అడ్డాకులూ అక్కడే అమ్ముతారు. ఆళ్ళతోటే నానూ."

కొండవాళ్ళలో ఏ ఊరి సంత ఆ ఊరిదేనని, పక్క సంత దగ్గరైనా అలవాటైనదానికే పోతారని, నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పాత జాబితా, కొత్త జాబితా పక్కపక్కన పెట్టుకుని ఎర్ర పెన్సిలుతో రెండు రోజులు కూర్చున్నాను. నాదాంట్లో ఉన్నవన్నీ రోడ్డుకూ రైలుకూ దగ్గర బడులే. ఈసారి పరీక్ష రాసినవాటిలో నా పాత జాబితా బడులను వేరే తీసి సగటు కట్టాను. మార్కులు పెరిగాయి! తప్పు పోయిందేమోనని మళ్ళీ కట్టాను. పెరిగాయి! మొదటిసారి లెక్కలోకి వచ్చిన కొండబడులు కలవడంతో మొత్తం సగటు కిందికి వచ్చింది, అంతే. ఆ రెండు సగటులూ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు.

అధికారి కాగితాలు రెండుసార్లు తిరగేశారు.

"అంటే ఇన్ని బడులు వదిలేసింది నువ్వేనన్నమాట."

"నేనేనండి. నాకు మెమో ఇవ్వండి. బడులు మాత్రం మూయకండి."

మెమో ఇచ్చారు. నోట్ నా కళ్ళముందే నిలువునా చింపేశారు. ఆ ఆఫీసులో మెమో పుచ్చుకుని నవ్వుతూ బయటికొచ్చినది నేనొక్కదాన్నే అయివుంటాను. నా ఉద్యోగం మొత్తంలో నాకు దక్కిన బహుమతి అదేనని ఇప్పటికీ అంటాను.

ఎనభైల చివర మూడోసారి పరీక్ష పెట్టారు. జాబితాలో ఒక్క గూడెం తప్పినా ఊరుకోనని అందరితోనూ పోట్లాడాను. ఫలితాలొచ్చిన రోజు కొండబడులవి విడిగా తీసి, ముందటిసారి మార్కుల పక్కన వేశాను. లేచి బల్ల మీద చరిచాను. ఆ కాగితం తపాలాలో పంపడానికి మనసొప్పలేదు. అనంతగిరి దాకా బస్సులో, ఆపైన కాలినడకన, గెడ్డ దాటి ఎక్కాను. ఆయాసంతో మాట రావడం లేదు.

మేష్టరు బడి అరుగు మీంచి పరుగున దిగాడు. "ఏటమ్మా, మళ్ళీ మూసేత్తామన్నారా?"

"లేదు మేష్టారూ. మీ పిల్లలు కిందటిసారి కంటే బాగా రాశారు."

ఆయన కాగితం తీసుకోలేదు. నా మొహంలోకే చూస్తూ, "కిందటిసారి కంటేనా?" అన్నాడు. ఆ మాటే మళ్ళీ అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి, "ఒరే గుంటల్లారా, మనకీ ఒక కిందటిసారి ఉందర్రా!" అని కేకేశాడు.