అది తిమింగలం కాదు

మెల్‌బోర్న్‌లో సముద్ర జీవశాస్త్రం చదివే రోజుల్లో ఊరి శివారు వెర్రిబీలో ఒక ఆంటీ ఇంట్లో అద్దెకుండేదాన్ని. ఆవిడది కాకినాడ. ఆదివారాలు ఇద్దరం తెలుగు చర్చికి వెళ్లేవాళ్లం. ఒక చలికాలం ఆదివారం ఆరాధన ముగిశాక, సముద్రపొడ్డుకు తిమింగలం కొట్టుకొచ్చిందని ఎవరో చెప్పారు. నేను నోరు తెరవకముందే ఆంటీ పట్టుచీరతోనే కారెక్కారు.

ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వాసన ఎదురొచ్చింది. ఇసుకలో బస్సంత శరీరం పడి ఉంది. కుళ్లి దవడ ఊడిపోవడంతో ముందుభాగం పొడవాటి మెడలా కనిపిస్తోంది. కొందరు తిమింగలమన్నారు. ఒక ముసలాయన ఇది ఎప్పుడో అంతరించిన రాకాసి జంతువని వాదిస్తున్నాడు. కాపలా ఉన్న వన్యప్రాణి శాఖ రేంజరమ్మ కూడా ఫోన్‌లో తిమింగలమనే చెబుతోంది.

నేను కాస్త దగ్గరికి వెళ్లి చూశాను. మిగిలిన చర్మం ఉప్పుకాగితంలా గరుకుగా ఉంది. తిమింగలం చర్మం నున్నగా ఉంటుంది. ఇది సొరచేప అని ఆంటీ చెవిలో అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభమమ్మా? వెళ్లి ఆవిడకి చెప్పు," అన్నారు ఆంటీ, కొంగుతో ముక్కు మూసుకుని.

వెళ్లి చెప్పాను. రేంజరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ష్యూరా?" అంది. గ్లవ్స్ ఇమ్మని అడిగి, మోకాళ్ల మీద కూర్చుని, మొప్ప చీలికలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టాను. వేళ్లకు దువ్వెన పళ్లలాంటివి తగిలాయి. ఒక కుచ్చు బయటికి లాగి చూపించాను. నోరు తెరుచుకుని ఈదుతూ, నీటిలోని సూక్ష్మజీవులను ఈ కుచ్చులతో వడకట్టుకుని తినే బాస్కింగ్ షార్క్ అది. ఆ తీరంలో చాలా అరుదు.

రేంజరమ్మ మ్యూజియానికి ఫోన్ చేసి, ఫోన్ నా చేతికే ఇచ్చింది. అవతలి పెద్దాయన అడిగిన ప్రతిదానికీ తడబడకుండా జవాబిచ్చాను. మధ్యాహ్నానికి ఆయనే వచ్చారు. శవం చుట్టూ తిరిగి చూసి, నా వైపు తిరిగి, "నువ్వు చెప్పిందే," అన్నారు. అక్కడితో ఆగలేదు. కొలతలు తీయడానికి టేపు రెండో కొస నన్ను పట్టుకోమన్నారు. పుస్తకంలో బొమ్మగానే చూసిన చేప పొడవునా, టేపు పట్టుకుని నేను నడిచాను.

ఈలోగా ఆంటీ కనిపించినవాళ్లందరికీ, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో, "మా అమ్మాయే కనిపెట్టింది" అని చెబుతూనే ఉన్నారు. రాకాసి జంతువన్న ముసలాయన దగ్గరకొచ్చి నాతో చెయ్యి కలిపాడు. అంత కంపు కొట్టే చెయ్యిని అంత గర్వంగా ఎవరికీ ఎప్పుడూ ఇవ్వలేదు.